అన్న తెచ్చిన ఒప్పందం

ఫ్రాంక్‌ఫర్ట్‌లో మాస్టర్స్ చదువుతూ నేను ఒక చిన్న క్లబ్బు తరఫున బ్యాడ్మింటన్ ఆడేదాన్ని. కోర్టులో ఎవరికీ తగ్గను గానీ, అన్నం పెట్టినవాళ్ల ముందు నాకు నోరు పెగలదు. ఆ క్లబ్బులో నన్ను చేర్పించింది మా వైపు నుంచి వచ్చిన, నేను అన్నా అని పిలిచే ఒకాయన. ఐటీ ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో ఆటగాళ్లకు క్లబ్బులతో బేరాలు కుదిర్చే ఏజెంటు. వచ్చిన కొత్తలో గది దొరక్క నేను ఏడుస్తుంటే తన ఇంట్లో ఉంచుకున్నాడు. చిరునామా నమోదుకు టెర్మిన్, అంటే ఆఫీసులో అపాయింట్మెంటు కూడా ఆయనే ఇప్పించాడు.

మా జట్టు పై లీగుకు వెళ్లింది. ఇక ఆటకు డబ్బు ఇస్తారంటూ అన్న ఒప్పందం తెచ్చాడు.

"ఈడ సంతకం పెట్టు చెల్లె. లేకుంటే ఆదివారం ఆడనియ్యరు."

"సొంతంగా సంపాదించుకునే క్రీడాకారిణి" అని అందులో నా గురించి రాసి ఉంది. ఆ మాట ఎందుకో తేడాగా అనిపించింది. చదివి ఇస్తానన్నాను.

"నా మీద నమ్మకం లేదా?" అని నవ్వాడు.

ఆ నవ్వుకే సంతకం పెట్టేసేదాన్ని. మొహమాటానికి పోతే కడుపైందన్న సామెత ఊరికే పుట్టలేదు. ఎలాగో కాగితాలు బ్యాగులో వేసుకుని బయటపడ్డాను.

యూనివర్సిటీలో విద్యార్థులకు ఉచితంగా సలహా చెప్పే లాయరమ్మ ఒకావిడ ఉంది. ఒప్పందం చదివి, ఇక్కడ ఉండి చదువుకోవడానికి నాకిచ్చిన పర్మిట్ అడిగి చూసింది.

"సొంతంగా సంపాదించుకోవడమంటే సొంత వ్యాపారం కిందే లెక్క. నీ పర్మిట్ మీద అది చేయకూడదు. విడిగా అనుమతి లేకుండా దీని మీద సంపాదిస్తే రేపు వీసా పొడిగించకపోవచ్చు."

"మరి ఆడటం?"

"డబ్బు తీసుకోకుండా ఆడుకో. లేదా విద్యార్థులకు ఇచ్చిన గంటల్లోనే క్లబ్బు నిన్ను ఉద్యోగిగా పెట్టుకోవచ్చు. అప్పుడు వాళ్లకు ఖర్చు పెరుగుతుంది."

థీసిస్ సగంలో ఉంది. ఎస్‌-బాన్‌ రైల్లో వెళుతుంటే కోపంతో ఒళ్లు మండిపోయింది. అంతకంటే ఎక్కువ భయం వేసింది. వీసా పోతుందని కాదు, అన్న ముఖం చూస్తూ కాదని ఎలా చెప్పాలని. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆదివారం హాలు గుమ్మంలోనే అన్న పెన్నుతో నిలబడి ఉన్నాడు.

"అన్నా, ఈ సంతకం పెడ్తే నా వీసా పోతదంట. లాయర్ చెప్పింది."

ఆయన ముఖం మాడిపోయింది. "లాయర్ దాక పోయినవా? గదంత నాకెరుకనే. ఎవడు చూస్తడు? అందరు పెడ్తున్నరు. క్లబ్బోళ్లకు మాటిచ్చిన, నా ఇజ్జత్ తియ్యకు."

'నాకెరుకనే' అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఉండబట్టలేక అడిగాను.

"నీ సొంత చెల్లె ఐతే పెట్టనిస్తవా అన్నా?"

అబద్ధమాడతాడనుకున్నాను, ఆడలేదు.

"పెట్టనియ్య. గని నువ్వు నా సొంత చెల్లెవు కాదు గద," అన్నాడు, చిన్నపిల్లకు చెప్పినంత నెమ్మదిగా.

ఆ మాటతో నా మొహమాటం తెగిపోయింది. కాగితాలు ఆయన చేతిలో పెట్టి లోపలికి వెళ్లాను. ఈ రోజు డబ్బు లేకుండానే ఆడతానని కోచ్‌తో నా నోటితోనే చెప్పాను.