మూడు చిప్పుల వరుస

ఏ పోగు లేపాలో మగ్గానికి చెప్పే చిల్లుల అట్టకార్డుల గొలుసు లేకుండానే చద్దరు మీద పువ్వు లేపే పెట్టెను మా ఆయన తయారుచేశాడు. మా నేతగాళ్ళ పేట కుంఠా నాకాలో మా ఇంటిని ఆనుకుని ఉన్న సేటు సాంచెల షెడ్డులో, అంటే మరమగ్గాల షెడ్డులో, ఆయన మెకానిక్కు. పెట్టెలో ఒక పలక, దాని మీద వరుసగా మూడు రకాల చిప్పులు, ఒక్కోదానికి ఒక్కో గుర్తు నంబరు. ఏ పోగు ఎప్పుడు లేపాలో వాటికి నేర్పాలంటే కంప్యూటరులో సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఒకే వైరు ద్వారా మూడింటికీ పంపాలి. ఏది ముందో ఏది వెనకో మనమే రాసివ్వాలి. తొంభైల నడుమ సంగతి ఇది.

ఆ రోజు సాయంత్రంలోగా పువ్వు లేవకపోతే పెట్టె తీసేసి మళ్ళీ కార్డులే ఎక్కిస్తానన్నాడు సేటు. ఏడాదిగా సెలవులన్నీ దాని మీదే గడిపిన మా ఆయన పొద్దున్నుంచి అన్నం ముట్టలేదు. పెట్టెనూ సేటు ఇచ్చిన కంప్యూటరునూ మా వసారాలో పెట్టుకుని, ఫ్లాపీలు మార్చి మార్చి సాఫ్ట్‌వేర్ రెండోసారి ఎక్కించాడు. అయినా మొదటి చిప్పు గుర్తు కలవడం లేదనే అంటోందది. చిప్పు కాలిందనుకున్నాడు. ఇంకొకటి కావాలంటే పుణె పోవాలి.

నేను బడికి పోలేదు, అక్షరాలు మా నాయన ఇంట్లోనే నేర్పాడు. కానీ పెళ్ళికి ముందు నుంచీ జాకార్డు కార్డులు గొలుసుగా కుట్టిన చేతులు నావి. మా కులదైవం మార్కండేయ స్వామిని తలుచుకుని, ఆయనకు తెచ్చిన చాయ్ పక్కన పెట్టి, వైరు వెంట వేలు నడిపించాను. అది పలక కిందుగా పోయి అవతలి కొస చిప్పులో దూరింది.

"ఒకటో నంబరు ఏదని రాసిన్రు?"

"గిదే. మనం కూసునే దిక్కుది."

మా ఇళ్ళలో కార్డులైనా పోగులైనా నేతగాడు కూర్చున్న వైపు నుంచే లెక్క. ఆయన చెయ్యి అలాగే రాసింది. వైరు అటు నుంచి దూరుతోందని చూపించాను. బీడీలు చుడుతున్న అత్తమ్మ తలెత్తకుండానే అంది.

"నువ్వు ఏడ కూసుంటవో ఆ పెట్టెకేం ఎరుక, కొడుకా?"

ఆయన వరుస తిప్పి రాశాడు. మూడు గుర్తులూ ఒకదాని వెనక ఒకటి కలిశాయి. చిప్పు కాలలేదు. గుర్తు కలవందే ఏమీ రాయనని మొండికేసిన సాఫ్ట్‌వేరే, ఒకదాని రాత ఇంకోదాంట్లో పడి చిప్పు చెడకుండా మమ్మల్ని కాపాడింది. పొద్దంతా దాన్నే తిట్టుకున్నాం!

పెట్టెను మళ్ళీ సాంచెకు బిగించి నడిపితే, సేటు వచ్చేసరికి షెడ్డులో చద్దరు మీద పువ్వు సగం లేచింది. కాసేపు చూసి, కార్డుల మూటలు అటక ఎక్కించమన్నాడు. మా ఆయన ఇంటికొచ్చి, చల్లారిన చాయ్ తాగి, "అన్నం వెట్టు" అన్నాడు. ఆ మాట విన్నందుకు స్వామికి ఎన్ని దండాలు పెట్టానో.