ఖాళీ ఎక్కడుందో అరిచి మరీ చెప్పాను

నవ్వకుండా వింటానంటేనే చెప్తాను. మొన్న ఆదివారం ఖిదిర్‌పూర్ రేవు పక్కన ఇసకలో నేను ఎదుటి జట్టుకి చేసినంత సాయం వాళ్ల సొంత అన్నదమ్ములు కూడా చేసి ఉండరు. అదీ గొంతు పోయేలా అరిచి! ముందు టీ తాగండి, చల్లారిపోతోంది.

సత్యం నా బావమరిది, మా ఆవిడ తమ్ముడు. ఓడల డాకులో బద్లీ కూలీ. రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడాలి, ఎవడైనా డుమ్మా కొడితేనే వాడికి పని. నాలుగేళ్లుగా ఇదే బతుకు. ఒకరోజు వాడు వాలీబాల్ ఆడుతుంటే మా డాకు ఆటల సెక్రెటరీ బాబు చూశాడు. "దీఘా బీచ్‌లో పోటీలున్నాయి. జత వెతుక్కుని ఆదివారం ఆడి చూపించు. నచ్చితే ఆటగాళ్ల కోటాలో పర్మనెంటుకి నీ పేరు రాస్తాను" అన్నాడట.

మా ఆవిడ ఆ మాట వినగానే దేవుడికి దీపం పెట్టింది. తర్వాత నా వైపు తిరిగి, "తమ్ముడి పక్కన నువ్వే ఆడాల. కానీ కాస్త..." అని ఆగిపోయింది. ఆ 'కాస్త' ఏమిటో నేను అడగలేదు.

బీచ్ వాలీబాల్‌లో జట్టుకి ఇద్దరే. కొట్టేవాడి కళ్లు బంతి మీదే ఉంటాయి. అవతల ఖాళీ ఎక్కడుందో పక్కవాడు చూసి అరవాలి. ఆ పని నాది. ఎదుటివాణ్ని చదవడంలో నన్ను మించినవాడు లేడని నాకో గట్టి నమ్మకం!

సెక్రెటరీ బాబు మామీద ఆడటానికి టికియాపారా నుంచి ఒక జతని పిలిపించాడు. బాపీ, బాబ్లూ అట. నేను ఊరుకుంటానా? మూడు సాయంత్రాలు నది దాటి అక్కడికి వెళ్లి, రైలు యార్డు గోడ పక్కన నిలబడి వాళ్ల ప్రాక్టీసు చూశాను. షంటింగు ఇంజన్ల రొదలో వాళ్ల మాట ఒక్కటీ వినపడలేదు. మాటలతో మనకేం పని, కాళ్లు చూస్తే చాలు అనుకున్నాను. బాపీది ఎడమచేతి వాటం. బాబ్లూ మోకాలికి గుడ్డ ఉంది, వెనక్కి పరిగెత్తలేడు. అంతా నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

ఆదివారం పడవల్లోంచి దింపిన ఇసకని చదును చేసి నెట్టు కట్టారు. సెక్రెటరీ బాబు గొడుగు వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. వాళ్లిద్దరూ "నొమోష్కార్ దాదా" అన్నారు. నేనూ నొమోష్కార్ పెట్టి, వాళ్ల ముందే సత్యంతో అన్నాను:

"ఒరే, ఆ పొట్టోడికి మోకాలు నొప్పి. ఆడి ఎనకాలే ఎయ్యి."

బాబ్లూ వంగి మోకాలి గుడ్డ విప్పి పారేశాడు. ఓహో, నొప్పి తగ్గిందన్నమాట అనుకుని నోట్‌బుక్‌లో ఆ ముక్క కొట్టేశాను. చూశారా నా పరిశీలన!

ఇది ఇక్కడ మనందరికీ ఉన్న జబ్బే. ట్రాములో పక్కవాడి బట్టతల గురించి పక్కవాడి ముందే తెలుగులో మాట్లాడేసుకుంటాం. ఇంతమంది బెంగాలీల మధ్య మన మాట ఎవడికి తెలుస్తుందిలే అని ధీమా.

ఆట మొదలైంది. "ఎనకాల ఖాళీ!" అని అరిచాను. సత్యం వెనక్కి కొట్టాడు. బాబ్లూ అప్పటికే అక్కడున్నాడు. "ఎడం పక్క!" అన్నాను. బంతికన్నా ముందు బాపీ చేరాడు. "ముందర, నెట్టు కాడ!" అంటే ఇద్దరూ నెట్టు దగ్గరే. వీళ్లు నాకన్నా బాగా చదువుతున్నారే అని భయమేసి ఇంకా గట్టిగా అరిచాను. పదిహేను, నాలుగు. గేము పోయింది.

సెక్రెటరీ బాబు వెళ్లిపోయేవాడిలా గొడుగు మడిచాడు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడే సత్యం కళ్లముందు కనిపించాడు. పోయేది నా పరువైతే ఫరవాలేదు, పోతున్నది వాడి కూడు.

రెండో గేములో "ఎనకాల ఖాళీ!" అన్నాను. సత్యం నా వైపు ఒక్క చూపు చూసి బంతిని ముందర పడేశాడు. పాయింటు! "ఎడం పక్క!" అంటే కుడి పక్కకి కొట్టాడు. మళ్లీ పాయింటు! నాకు ఒళ్లు మండింది. ఇంతమంది ముందు నన్ను లెక్కచెయ్యడేమిటి?

"సెప్పినట్టు ఇనవేటిరా? ఉండు, మీ అక్కతో సెప్తాను!"

బాబ్లూ పక్కున నవ్వాడు. వాడెందుకు నవ్వాడని నాకు అనుమానమైనా రాలేదు.

ఆ గేము మాదైంది. మూడో గేములో సత్యం ఒకసారి నా మాట విన్నాడు, రెండుసార్లు వినలేదు. ఎప్పుడు వింటాడో వాళ్లకీ తెలియలేదు, నాకూ తెలియలేదు. పదిహేను, పదమూడు. గెలిచాం! సెక్రెటరీ బాబు వచ్చి సత్యం భుజం తట్టి, కుర్రాడికి బుర్ర ఉందని మెచ్చుకుని, పేరు రాసుకున్నాడు. నన్ను ఎగాదిగా చూసి, "దీఘాకి జతగా ఇంకొకర్ని చూద్దాం దాదా" అన్నాడు.

అప్పుడు బాబ్లూ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"మావా, మొదటి గేములో సానా సాయం సేసినావు. మా తాతది టెక్కలే."

మూడు రోజులు వాళ్ల కాళ్లు చూశాను, భుజాలు చూశాను, వాళ్లకీ చెవులుంటాయని మాత్రం తోచలేదు.

ఇంటికొస్తూ సత్యాన్ని అడిగాను. "నీకెప్పుడు తెలిసిందిరా?"

"గుడ్డ ఇప్పినప్పుడే అనుమానం, బావా. గేము పోయేసరికి తెలిసిపోనాది."

"మరి నాకు సెప్పొచ్చు కదా!"

"ఏ బాసలో సెప్పమంటావు? తెలుగులో సెప్తే ఆళ్లింటారు. బెంగాలీలో సెప్తే ఊరంతా ఇంటాది. అయినా తెలిస్తే నువ్వంత నిజంగా అరవగలవేటి?"

ఇంటికెళ్లగానే మా ఆవిణ్ని ఆ 'కాస్త' సంగతేమిటని అడిగాను.

"కాస్త నోరు మూసుకుని ఆడమందామనుకున్నాను. అమ్మో, అనీసుంటే తమ్ముడి ఉద్యోగం పోయేది!"

పదిహేనేళ్ల కాపురంలో నా నోటివల్ల తన పుట్టింటికి మేలు జరగడం ఇదే మొదటిసారట.