ఊపుల మామయ్య

ఆగి ఉన్న బండి కనబడితే దాని మూలమీద రెండు చేతులూ ఆనించి, కిందికి నొక్కి వదలనిదే మా మామయ్యకు అడుగు ముందుకు పడదు. వదిలాక ఎన్నిసార్లు ఊగిందో పైకే లెక్కపెడతాడు. ఒక్క ఊపుతో కుదురుకుంటే బండి మంచిది. రెండో ఊపుకు పెదవి విరుస్తాడు. మూడోది ఊగిందా, యజమాని ఎక్కడున్నా వెతికి పట్టుకుని, షాక్ అబ్జార్బర్ పోయిందని చెప్పి గానీ ఇంటికి రాడు. అందుకే అందరికీ ఆయన ఊపుల మామయ్య.

నా పెళ్ళినాడు కారెక్కిన నన్ను దింపేశాడు.

"నాలుగు ఊపులు. నడుద్దాం పద."

"అక్కడ అందరూ ఎదురుచూస్తున్నారు మామయ్యా."

"చూడనీ. చక్రం ఊడితే ఇంకా ఎక్కువసేపు చూడాలి."

నడిచే వెళ్ళాం.

బస్సెక్కినా అంతే. కళ్ళు మూసుకుని వింటాడు. ఒకసారి పక్కసీటు ముసలమ్మతో, "ఎక్కడో టక్కుమంటోంది, విన్నారా?" అన్నాడు.

"అది నా మోకాలు నాయనా."

"అయితే అదీ చూపించుకోండమ్మా."

ఒకరోజు పొద్దున పిల్లలు దిగగానే మా బడి వ్యానుకు అడ్డంగా నేలమీద కూర్చున్నాడు. నేను అదే బడిలో మాస్టర్ని. సిగ్గుతో తలెత్తలేకపోయాను. కబురు విని వచ్చిన వ్యాను యజమాని ముక్కోపి. బండి బాగాలేదన్న పాపానికి పాత డ్రైవర్ని ఉన్నపళంగా పనిలోంచి తీసేశాడు. ముగ్గురు పిల్లల తండ్రి అయిన కొత్త డ్రైవరు ఓ పక్కన గోళ్ళు గిల్లుకుంటూ నిలబడ్డాడు.

"తమాషా చాలు, లేవండి," అన్నాడు యజమాని.

"మీరెక్కి స్టీరింగు తిప్పండి. చక్రం ఎప్పుడు కదులుతుందో నేను చెబుతా."

యజమాని విసుగ్గా ఎక్కి తిప్పాడు.

"కదల్లేదు. ఇంకా తిప్పండి. ఇంకా నిద్రలోనే ఉంది. ఆ, ఇప్పుడు లేచింది."

అప్పటికి స్టీరింగు జానెడు తిరిగింది. తర్వాత జాకీ పెట్టించి, ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఊడబోయే పన్నులా ఆడింది. నిండా పిల్లలతో రోజూ తిరిగే బండి అది.

యజమాని ముఖం మాడ్చుకుని డ్రైవరు వైపు తిరిగాడు. "రోజూ నడుపుతావు, నీకు తెలియలేదా?"

డ్రైవరు నోరు తెరిచేలోపే మామయ్య అందుకున్నాడు. "అతన్నేం అనకండి. కొంచెం కొంచెంగా అరిగేది రోజూ నడిపేవాడికి అలవాటైపోతుంది. పనిలేక తిరిగే నాబోటివాడికే పట్టుబడుతుంది."

వ్యాను అట్నుంచి అటే మరమ్మతుకు వెళ్ళింది. సాయంత్రం పిల్లల్ని మేమే నడిపించుకుంటూ ఇళ్ళకు చేర్చాం. దేవుడి దయవల్ల వాన రాలేదు.

మూడోరోజు చక్రాల దగ్గర కొత్త జాయింట్లతో వ్యాను వచ్చింది. పిల్లల్ని దింపి డ్రైవరు నా దగ్గరికొచ్చాడు.

"చక్రం ఆడుతోందని మీ మామయ్యగారికి చెప్పుకున్నది నేనే మాస్టారూ. యజమానికి చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే పిల్లల ప్రాణాలు పోతాయి. దానికాయన, 'నువ్వు నోరు విప్పకు, నాకెలాగూ పిచ్చి అన్న పేరుంది, అది ఎప్పుడు పనికొస్తుందా అని చూస్తున్నాను' అన్నారు."

ఆ సాయంత్రం మామయ్య ఇంటికి వెళ్ళాను.

"ఆ యజమాని నీకు పిచ్చని అందరికీ చెబుతున్నాడు."

"డ్రైవర్నేమైనా అన్నాడా?"

"లేదు."

"అయితే చెప్పుకోనీ. ఆ యజమానికి నేనింకా ఊపి చూడని వ్యాన్లు రెండున్నాయి."