విమలతో గోదావరి దీవికి: అబద్ధం ఆడని ఒక శనివారం

ఇందుమూలంగా ఖానాపురం హవేలి ప్రజలకు, ముఖ్యంగా మా వీధి వాట్సాప్ గ్రూపు సభ్యులకు తెలియజేయునది ఏమనగా: గత శనివారం తెల్లవారుజాము నాలుగున్నర మొదలు సాయంత్రం ఇల్లు చేరేదాకా నేను, అనగా పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పి, చీరలకు ఫాల్స్ కుట్టుకుంటున్న రాజమణిని, ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. నమ్మనివారు నా స్నేహితురాలు విమలను అడగవచ్చును. సాక్షి ఆమే. ఆ శిక్ష వేసిందీ ఆమే.

శిక్షకు కారణం బిర్యానీ. విమల ఒక కోచింగ్ కాలేజీ హాస్టల్లో వార్డెన్. ఐదు నెలల క్రితం ఆమె పుట్టినరోజున "విమలక్క ఈ సాయంత్రం అందరికీ బిర్యానీ పెడుతోంది, ఎవరి డబ్బా వాళ్లు తెచ్చుకోగలరు" అని గ్రూపులో పెట్టాను. నలభై మంది వచ్చారు. ఇంట్లో ఉన్నది కిలో బియ్యం, నాలుగు గుడ్లు. డబ్బాలు పట్టుకున్న వీధి వాళ్ల, తన చర్చి వాళ్ల ముందు గుమ్మంలో తల దించుకుని నిలబడింది పాపం. నేను ఎదురింటి మేడ మీద పొట్ట పట్టుకుని నవ్వుతున్నాను. ఆమె తల ఎత్తింది, చూసింది. అంతే, ఇరవై ఏళ్ల స్నేహానికి ఆ రోజే తాళం పడింది.

ఎన్నిసార్లు క్షమించమన్నా పలకలేదు. తోటి వార్డెన్ అండమాన్ ఫోటోలు చూపించిన దగ్గర్నుంచి ఆమెకు దీవి మీద మనసు పడిందని తెలిసి, హాస్టల్ గేటు దగ్గర కాపుకాసి అడిగాను, "దీవికి తీసుకపోత, వస్తవా?" అని. ఐదు నెలల తర్వాత ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఇది: "వస్త. కానీ ఆ దినమంత ఒక్క అబద్ధం చెప్పినా, ఇగ చచ్చేదాక నీ మొకం చూడ."

దీవి అంటే మరీ సముద్రంలోది కాదు. వానాకాలం పోయి నీళ్లు దిగాక పర్ణశాల దగ్గర గోదావరి మధ్యలో తేలే ఇసుక మేట. చుట్టూ నీళ్లుంటే దీవే కదా. సోషల్ పరీక్షలో నాకు వచ్చిన ఒకే ఒక్క జవాబు అది.

షేర్ ఆటోలో మనిషికి ఇరవై ఇచ్చి ఖమ్మం బస్టాండ్ చేరి, ఐదుంబావు భద్రాచలం ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. విమల అప్పటికే, ఆ చీకట్లోనే, నల్ల కళ్లద్దాలు, వెడల్పు టోపీ పెట్టుకుంది. కండక్టర్ ఎగాదిగా చూసి "ఎటు పోతున్నరమ్మా ఇద్దరు?" అన్నాడు. "సినిమా షూటింగుకు" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. విమల కళ్లద్దాలు కిందికి దించి నన్నే చూస్తోంది. "భద్రాచలం" అని గుటక మింగాను. అంత చేదు మందు దవాఖానాలో కూడా ఎప్పుడూ తాగలేదు.

కొత్తగూడెం, పాల్వంచ దాటి తొమ్మిదింటికల్లా దిగాం. ఇడ్లీ తిని, దుమ్ముగూడెం మీదుగా పోయే బస్సు పట్టుకుంటే పర్ణశాలకు గంటంబావు. రేవులో పడవకు రానూ పోనూ మనిషికి వంద, లైఫ్ జాకెట్ అందులోనే. అన్నీ సజావుగా జరిగాయి అనుకునే సరికి విమల గట్టు మీద కూలబడింది.

"నువ్వు పోయిరా. నేను ఈడ్నే కూసుంట."

"ఏందే, ఇంత దూరమొచ్చి?"

"నాకు నీళ్లంటే భయమని నీకు ఎరుక లేదా?"

ఎరుక లేదు. ఇరవై ఏళ్లలో ఆమెను నవ్వులపాలు చేయడమే తప్ప, దేనికి భయపడుతుందో ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు వెనక్కి తిరిగితే ఈ ప్రయాణం కూడా బిర్యానీ లెక్కలోకే పోతుంది, ఇక ఆమె నాకు దక్కదు. పడవ నడిపే ముత్తయ్య దగ్గరికి పోయి సంగతి చెప్పాను. అరవై దాటిన మనిషి. తాపీగా గట్టెక్కి వచ్చి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, మొదటిసారి గోదారి దాటే ఆడోళ్లు నోట్లె బెల్లం ముక్క పెట్టుకుంటరు. మా అమ్మమ్మ కాలం నుంచి గంతే. నమలొద్దు, మాట్లాడొద్దు, నీళ్ల దిక్కు చూడొద్దు. బెల్లం కరిగేలోపు అవతల ఉంటవు."

విమల నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను. రేవు కొట్టులో పది రూపాయల బెల్లం కొని, బుగ్గలో పెట్టుకుని, కళ్లు మూసుకుని పడవెక్కింది. ఐదు నెలలు కోపంతో మూసుకున్న నోరు ఇప్పుడు బెల్లంతో మూసుకుంది. నా చెయ్యి మాత్రం గాజులు నలిగేట్టు పట్టుకుంది. సగం ఏరు దాటాక ఉలిక్కిపడి కళ్లు తెరిచింది.

"కరిగిపోయిందే!"

"ఇంకోటి పెట్టుకోమ్మా, రెండోది గూడ చెల్లుతది," అన్నాడు ముత్తయ్య, ముఖంలో ఒక్క గీత కూడా కదలకుండా.

అవతల ఇసుకలో కాలు పెట్టగానే విమల చెప్పులు విసిరేసి పరుగు తీసింది. యాభై రెండేళ్ల మనిషి! అండమానే అనుకునేట్టు, అవతలి గట్టు, గేదెలు కనపడకుండా ఫోటోలు తీయించుకుంది. కొనేవి ఏమున్నాయని అనుకోకండి: వెదురు బుట్టలు, అడవి తేనె, ఇప్పపువ్వు లడ్డూలు తెచ్చి దగ్గరి ఊళ్ల కోయ ఆడవాళ్లు అమ్ముతారు. నూటయాభై చెప్పిన బుట్టను విమల ఎనభైకి అడిగింది.

బుట్టలామె తల కూడా ఎత్తలేదు. "ఇగో వెదురు. నువ్వు అల్లియ్యి, నేనే ఎనభైకి కొంట."

విమల ఫక్కున నవ్వింది. ఐదు నెలల తర్వాత నేను విన్న ఆ నవ్వుకు నూటయాభై ఏం ఎక్కువ? రెండు బుట్టలు కొన్నాం.

వెదురు బొంగులో కూరి నిప్పుల మీద కాల్చే బొంగు చికెన్ అరకిలో మూడువందల యాభై. ముందే చెప్పుకోవాలి, కాలడానికి ముప్పావు గంట పడుతుంది. నూనె చుక్క లేదు, ఘాటు మాత్రం ముక్కులోంచి పొగ తెప్పించింది. ఎముక చప్పరిస్తూ విమల అంది, "నీ బిర్యానీ కన్న ఇదే నయం." ఆ మాట తనంతట తానే ఎత్తింది. నా గొంతులో ముక్క అడ్డం పడింది, కారానికేనని చెప్పాను. అయ్యో, అది అబద్ధమే. దాన్ని లెక్కలోంచి తీసేయండి.

తిరిగి రేవుకు వచ్చాం, ఈసారి బెల్లం పెట్టుకోవడం కూడా మరిచిపోయింది. గట్టు మీద ఒకామె పడవెక్కనని మొగుడితో పోట్లాడుతోంది. విమల తిన్నగా వెళ్లి మిగిలిన బెల్లం ఆమె చేతిలో పెట్టింది. "నోట్లె పెట్టుకో చెల్లే. నమలకు. తూర్పు దిక్కే చూడాలె." తూర్పు సంగతి ఎక్కణ్ణించి వచ్చిందో! ముత్తయ్య, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. చూసుకుంటే నదిలో పడేవాళ్లం. మొగుడితో పోట్లాడినామె మాత్రం పడవెక్కింది.

బస్సులో నా భుజం మీద తల వాల్చి విమల అంది, "దినమంత ఒక్క అబద్ధం ఆడలే. నువ్వు గూడ మనిషివే రాజమణీ."

ఆ మాటకు కుదుటపడాల్సిందే. కానీ రెండు రోజులుగా కుట్టుమిషన్ ముందు కూర్చుంటే సూది కదలడం లేదు. దగ్గరి మనుషులను నవ్వుతూనే ఎంత లోతులోకి తోస్తామో ఒడ్డునున్న మనకు తెలియదు. పట్టుకుని దాటించేటప్పుడే ఆ చెయ్యి ఎంత వణుకుతుందో తెలుస్తుంది. వెళ్లాలనుకునేవారికి ఒక్క సూచన: చివరి పడవ నాలుగింటికే, కనుక ఖమ్మంలో ఐదుంబావు బస్సు తప్పనివ్వకండి.

ఇక విమలా, ఇది నువ్వు చదువుతావని తెలుసు. ముత్తయ్య అమ్మమ్మ బెల్లం సంగతి ఎన్నడూ చెప్పలేదు. పడవ దగ్గర ఆయన చెవిలో ఊదింది నేనే, పూర్తిగా నా కల్పన. "అమ్మ దాటితే సాలు తియ్యి" అని ఆయన ఒప్పుకున్నాడు. బెల్లం అబద్ధమే గానీ, ఏరు దాటింది నిజంగా నువ్వే. ఇక ఫోన్ చేసి తిట్టు.