చిలుకకు కన్ను

చిట్యాలలో బస్సు దిగి ఎర్రమట్టి బాట పట్టుకుని పోతే వచ్చే ఆ పద్మశాలీల ఊళ్లో దుర్గయ్యలు చాలామందే ఉండేవారు. అట్టల దుర్గయ్య మాత్రం ఒక్కడే. పెళ్లయిన కొత్తలోనే భార్యను వెంటబెట్టుకుని షోలాపూర్ మిల్లులకు పోయి, అక్కడ వయసంతా ఖర్చుపెట్టి, రజాకార్ల గోల సద్దుమణిగాక ఇంటికి మళ్లాడు. అట్లా తిరిగొచ్చిన వాళ్లంతా ఇత్తడి బిందెలు, ట్రంకుపెట్టెలు తెచ్చుకుంటే, మన మహానుభావుడు ఒక జకార్డు పెట్టె, పొక్కలు కొట్టే ఉలి, ఒక కట్ట గట్టి అట్టలు తెచ్చుకున్నాడు. భార్య బిక్షమ్మ ఆ మూటలో తనకో చీరైనా ఉంటుందేమోనని విప్పి చూసింది. చూసి, ఉన్నది ఉన్నట్టే మళ్లీ కట్టేసింది.

పోచంపల్లిలో అయితే నూలుకు ముడులు వేసి, రంగులో ముంచి బొమ్మ తెప్పిస్తారు. దుర్గయ్య పద్ధతి వేరు. బొమ్మలో ఒక్కో వరుసకు ఒక్కో అట్ట, ఆ అట్టకు పొక్కలు, అంటే చిల్లులు. అట్టలన్నిటినీ వరుసగా దారంతో కుట్టి దండ చేసి మగ్గం మీది జకార్డు పెట్టెకు తగిలిస్తే, కాలు తొక్కినప్పుడల్లా ఒక అట్ట ముందుకొస్తుంది. పొక్క ఉన్నచోట సూది దూరి రంగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. దండ ఒక చుట్టు తిరిగితే చీర అంచులో ఒక చిలుక. ఇంకో చుట్టు తిరిగితే ఇంకో చిలుక. మగ్గానికి ఏం చేయాలో ముందే చెప్పి పెట్టే విద్య అది, ఆ చుట్టుపక్కల ఆయనకొక్కడికే వచ్చు.

మెత్తని మనిషే గాని ఒక్క విషయంలో మహా మొండి.

"పొక్కవడ్డ అట్టను ముట్టుడు లేదు. బొమ్మ మారాల్నంటే కొత్త అట్ట కొట్టు. దండల నుంచి పాతది ఇప్పు, దాని జాగల కొత్తది కుట్టు. దండ ఎన్నిసార్లన్న మారని, అట్ట మాత్రం మారొద్దు" అనేవాడు.

ఊరికే అనేవాడు కాదు. ఒకే దండ ఇల్లిల్లూ తిరుగుతుంది. ఇవాళ ఒకరు తమ ముచ్చట కోసం అట్టను గెలికితే, రేపు అది ఏ పాపం ఎరుగని వాళ్ల చీరలో బయటపడుతుంది. ఒకసారి ఎవరో మైనంతో పొక్క పూడ్చారని తెలిసి, దండ వెనక్కి తెచ్చుకుని ఆ ఇంటి గడప తొక్కడం మానేశాడు. దసరాకు జమ్మి ఆకు చేతిలో పెట్టడానికి వాళ్లే వస్తే గాని మాట కలవలేదు.

అలాంటి మనిషి తప్పు చేశాడంటే, అది ప్రేమ కొద్దీ చేసిందే అయి ఉంటుంది.

షోలాపూర్ నుంచి క్షేమంగా ఇల్లు చేరితే, మొగుడు నేసిన కొత్త చీర కట్టుకుని ఆలంపూర్ జోగులాంబ దర్శనానికి వస్తానని బిక్షమ్మ మొక్కుకుంది. ఏళ్లు గడిచాయి గాని ఆ చీర మగ్గమెక్కలేదు. ఎప్పుడూ ఎవరిదో పెళ్లి, ఎవరిదో తొందర. ఊరందరికీ అంచులు కట్టిచ్చిన మనిషి ఇంట్లో ఆమె కట్టుకునేది అంచు లేని ముతక చీర. ఒక్కనాడూ గట్టిగా అడగలేదు, అదే ఆమెతో వచ్చిన చిక్కు.

పందొమ్మిది వందల అరవై మూడు మాఘంలో బిక్షమ్మ తమ్ముడు అంజన్న కూతురు సైదమ్మకు పెళ్లి కుదిరింది. అంజన్న తన మగ్గం మీద, బావ ఇచ్చిన చిలుకల దండతో, బిడ్డ పెళ్లిచీర తానే నేస్తున్నాడు. సగం అయింది. అది దిగగానే అదే దండతో బిక్షమ్మ చీర మొదలుపెడతానని దుర్గయ్య ఈసారి గట్టిగా మాటిచ్చాడు. మగపెళ్లివారిది పోచంపల్లి, వాళ్లూ నేతగాళ్లే. నేతగాళ్ల పెళ్లిలో పెళ్లికూతురి ముఖం కన్నా ముందు చీర అంచు చూస్తారు. అందులో ఏ తేడా కనపడినా పందిట్లోనే మాట పడుతుంది, ఆ మాట పిల్ల వెంట అత్తగారింటికి పోతుంది.

అంజన్న పెళ్లి పిలుపులకు ఊరు దాటిన రోజు దుర్గయ్య జకార్డు పెట్టెకు నూనె వేద్దామని అతని మగ్గం దగ్గరికి వెళ్లాడు. బిక్షమ్మ కూడా వెంట వచ్చి, మగ్గం మీది అంచును వేలితో తడిమి చూసింది.

"చిలుక మంచిగుంది గని, దీనికి కన్నేది?"

"కన్నెందుకే? చిలుకని తెలుస్తలేదా?"

"తెలుస్తాంది. గుడ్డి చిలుకని గుడ తెలుస్తాంది" అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

దుర్గయ్యకు ఆ మాట గుచ్చుకుంది. ఇన్నేళ్లకు ఆమె నోరు తెరిచి అడిగింది ఒక్క కన్ను. ఇంటికి పోయి అట్టల కోసం వెతికాడు. ఒక్కటీ మిగల్లేదు, షోలాపూర్ నుంచి ఎవరైనా వస్తే గాని దొరకవు. చెయ్యి ఊరుకోలేదు. ఒక్క అట్టలో ఒక్క పొక్క మూస్తే అక్కడ పోగు లేవదు, చిలుకకు కన్ను పడుతుంది. మళ్లీ అంజన్న మగ్గం దగ్గరికి చింతగింజల గంజి తెచ్చి, గోరంత కాగితం ముక్క అతికించి, బొటనవేలితో అదిమాడు. అంజన్నకు చెప్పాలనిపించలేదా అంటే, అనిపించింది. కాని చిలుకకు కన్నుంటే ఎవరికి చేదు, చూసి మురిసిపోతాడులే అని సర్దిచెప్పుకున్నాడు. అప్పటికే సగం చీర గుడ్డి చిలుకలతో నేసి ఉందన్న సంగతి ఆ మురిపెంలో తోచనే లేదు.

మర్నాడు అంజన్న వచ్చి, పెళ్లి తొందరలో తల ఎత్తకుండా నేశాడు. నూలు కండెలు అందివ్వడానికి వచ్చిన సైదమ్మ ముందుగా చూసింది.

"ఓ మామా! జర ఇటు రా! నా చిలుకలు ఎవరికో కన్నుగొడ్తున్నయ్!"

దుర్గయ్య మెచ్చుకోలు అందుకోవడానికే పరుగెత్తుకొచ్చాడు. వచ్చి చూస్తే, పాత సగంలో ఒక్కదానికీ కన్ను లేదు. ఆ తరువాత కొన్నిటికి చక్కని కన్ను. ఆ పైన ఒకదానికి ఉంటే ఒకదానికి లేదు. సూదుల పోటుకు కాగితం చినిగింది, గంజి తడికి పొక్క చుట్టూ అట్ట మెత్తబడి పొరలు లేచింది. సూది తనకు బుద్ధి పుట్టినప్పుడు దూరుతోంది, లేనప్పుడు లేదు.

"బావా, గీ అట్టను ఎవరన్న ముట్టిండ్రా?" అన్నాడు అంజన్న.

"నేనే."

"నువ్వా?"

అంజన్న కేకలు వేసినా బాగుండేది. చీర వైపు చూసి, "నా బిడ్డ పెండ్లిచీర గద బావా" అని మాత్రం అన్నాడు. దుర్గయ్యకు చచ్చినంత పనయింది.

"కొత్తగ నేసినకాడికి ఊడదీద్దాం" అన్నాడు దుర్గయ్య.

"ఊడదీస్తం సరే. మల్ల నేసెతందుకు అట్టేది?"

దుర్గయ్య ఇంటికొచ్చి గోడకు ఒరిగి కూర్చున్నాడు. ఎదురుగా గోడ మీద పటం. షోలాపూర్‌లో మొదటి ఏడు స్టూడియోలో దిగిన బొమ్మ, ఆయన కోటు వేసుకుని, బిక్షమ్మ పక్కన బిగుసుకుని నిలబడి. వాళ్లిద్దరికీ ఉన్నది ఆ ఒక్క బొమ్మే. దాని వెనక ఉన్నది మిల్లు అట్ట, అచ్చం తన అట్టల రకమే. ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు.

బిక్షమ్మకు సంగతి అప్పటికే సైదమ్మ చెప్పింది. ఆమె పీట వేసుకుని ఎక్కి, పటం దించి, కత్తిపీట మొనతో చీలలు ఒక్కొక్కటే లేపింది.

"వద్దే" అన్నాడు దుర్గయ్య.

"ఎన్క అట్ట లేకుంటే బొమ్మల కెల్లి మనమేమన్న కిందవడ్తమా? పట్టు, కొట్టు."

చెడిన అట్టను పైన పెట్టి ఆ కొలతకే కోసి, పొక్కలు కొట్టడం మొదలుపెట్టాడు. ఒకటి అయ్యాక రెండోది అందుకున్నాడు.

"ఒక్కటే గద కావాల్సింది?" అంది బిక్షమ్మ.

"కన్ను లేనిది సైదమ్మకు, కన్నున్నది నీకు. ఇగ దేన్నీ ముట్ట. ఎప్పుడు ఏది కావాల్నో దండల అది కుడ్త."

బావా బావమరిదీ చెరోవైపు కూర్చుని, పడుగు తెగకుండా పేక పోగులు లాగుతూ చెడిన మేరంతా విప్పారు. సైదమ్మ ఆ నూలు చుట్టింది. దండలో కొత్త అట్ట కుట్టాక అంజన్న మళ్లీ మగ్గంలోకి దిగాడు. చిలుకలన్నీ మునుపటిలా ఒక్క తీరుగా గుడ్డివైపోతుంటే అందరికీ ఊపిరి వచ్చింది. పెళ్లినాడు వరుని అవ్వ అంచును ఈ చివర నుంచి ఆ చివర దాకా వేళ్ల మధ్య జరుపుకుంటూ పోయింది. ఎక్కడా ఆగలేదు. "గీ అంచు ఎవరిది?" అని మాత్రం అడిగింది. "మా బావది" అన్నాడు అంజన్న, అందరికీ వినపడేలా.

ఫాల్గుణంలో బిక్షమ్మ చీర మగ్గమెక్కింది. దిగేదాకా ఆమెను దగ్గరికి రానివ్వలేదు. ఆలంపూర్ ప్రయాణం నాటి పొద్దున చీర చేతిలో పెట్టాడు. బిక్షమ్మ మడత విప్పి, కన్నున్న చిలుకలను ఒక్కొక్కటే చూసుకుంటూ, కొంగు చివరికి వచ్చి ఆగిపోయింది.

"ఇదేందయ్యా, గీ కడ చిలుకకు కన్ను లేదు? అట్ట తప్పు కుట్టినవా?"

"తప్పుగాదు. ఆ ఒక్క చుట్టుకు సైదమ్మ అట్ట కుట్టిన."

"ఎందుకు?"

దుర్గయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "అది నేను. ఊర్ల ఎవరికి చీర లేకున్న నాకు కనవడ్డది. ఇంట్ల నీకు లేదని ఇన్నేండ్లు కనవళ్లే."

బిక్షమ్మ ఆ చీరే కట్టుకుని బస్సెక్కి, ఆలంపూర్ చేరేదాకా ఆ కొంగు చివరను పిడికిట్లో పట్టుకునే కూర్చుంది.