సబ్బుపెట్టె కన్ను

ఇది మహాకావ్యం. ఇందులో చెర ఉంది, చెర నుంచి తప్పించే ఆయుధం ఉంది, సరిగ్గా అక్కరకొచ్చే ఘడియలో ఆ ఆయుధం మూగబోవడం ఉంది. చదివేవాళ్ల కళ్లు చెమర్చడానికి కావలసిన ఏర్పాట్లన్నీ ఉన్నాయి.

అబద్ధం. ఇందులో ఉన్నది ఒక సీలింగ్ ఫ్యాను, దాని కింద మంచం మీద మా అవ్వ, మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నేను. చెమర్చినవి కళ్లు కావు, వీపులు. మే నెల, కర్నూలు పక్కన కల్లూరు, మిద్దె పైన అద్దె ఇల్లు, పడమటి కిటికీ. అంతే కథాస్థలం.

అవ్వ మా నాన్నకు అమ్మ. కోయిలకుంట్ల దగ్గర పల్లెలో ఒంటరిగా, ఎవరి మాటా వినకుండా హాయిగా బతుకుతున్న మనిషి. స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక మూడు నెలలు మంచం దిగకూడదన్నారు. నాన్న లారీ మీద ఉంటాడు, పది రోజులకొకసారి ఇంటికొస్తాడు. అమ్మ ఆస్పత్రిలో ఆయా, పొద్దున పోతే సాయంత్రం వస్తుంది. నేను డిప్లొమా పూర్తి చేసి, ఏ పనీ లేకుండా, అన్ని పనులకూ అందుబాటులో ఉన్నాను. అవ్వను చూసుకునే మనిషి కోసం మా ఇంట్లో పెద్దగా వెతుకులాట జరగలేదు.

అన్నం పెట్టడం, ఒళ్లు తుడవడం లాంటివి పొద్దున అమ్మ, మధ్యాహ్నం పక్కింటక్క చూసుకునేవాళ్లు. నా శాఖ ఫ్యాను. ఫ్యాను వేస్తే అవ్వకు తుంటి సలుపుతుంది. ఆపితే ఉడికిపోతుంది. స్విచ్చి బోర్డేమో గదికి ఆ చివర, తలుపు పక్కన. కాబట్టి పది నిమిషాలకొకసారి నేను లేచి వేయాలి, మళ్లీ పది నిమిషాలకు లేచి ఆపాలి. మధ్యలో కూర్చోవడం నా ఇష్టం.

ఎంత దూరం పోవచ్చన్నది అవ్వ గొంతు తేల్చేది. మెట్లు దిగి వీధిలోకి పోయినా వినపడేది. షేర్ ఆటోలు ఆగే మలుపు దగ్గర వినపడేది కాదు గానీ, అక్కడిదాకా పక్కింటక్క అందించేది. "తమ్ముడూ, మీ అవ్వ పిలుస్తాంది!" అని ఆమె మిద్దె మీంచి ఒక్క కేక వేస్తే ఆటోల వాళ్లు కూడా నా వైపు చూసేవాళ్లు. మలుపు దాటి నేను పోయిన చివరి రోజు ఏదో నాకు గుర్తులేదు. అవ్వకు మంచం, నాకు మలుపు. ఇద్దరిలో ఎవరి చెర పెద్దదో కొలవలేదు. కొలిచినా అవ్వే గెలిచేది.

అప్పుడు డోన్‌లో రాళ్లు పాలిష్ పట్టే చోట యంత్రాలు చూసుకునే పనికి నన్ను రమ్మన్నారు. పది రోజుల్లో, సోమవారం నాడు చేరాలి, రైల్లో రోజూ పోయి రావచ్చు. నేను ఆ మాట చెప్పినప్పుడు అమ్మ బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"మరి ఫ్యాను?" అంది.

"ఫ్యాను కోసం ఉద్యోగం మానుకుంటారా ఎవరన్నా?"

"నేను మానుకోమన్ల్యా. మీ అవ్వ మంచం మీంచి చెయ్యి కదిపితే అది తిరగాల, చెయ్యి కదిపితే ఆగాల. అట్ల చేసి, నువ్వు యాడికన్నా పో."

మంచం దాకా వైరు లాగి స్విచ్చి పెట్టొచ్చు కదా అని మీకు తోచే ఉంటుంది. నాకూ తోచింది. కానీ అవ్వ పక్కలో నీళ్లచెంబు రోజుకు రెండుసార్లు ఒలుకుతుంది, అమ్మకు కరెంటంటే భయం. ఇక మిగిలింది రిమోటు.

మా ఇంట్లో ఒక రిమోటు ఉంది. దాని టీవీ ఎప్పుడో పోయింది గానీ, ప్లాస్టిక్ కవరు తొడిగి భద్రంగా పెట్టినందుకు అది మాత్రం పెళ్లికూతురిలా ఉంది. దాని మాట వినే పెట్టె ఒకటి చేస్తే చాలు. పక్కింటక్కను అవ్వ దగ్గర ఒక గంట కూర్చోబెట్టి, కర్నూలు పాత బస్టాండు వైపు టీవీలు బాగుచేసే చాచా దగ్గరికి పోయాను. ఆయన ఒక చచ్చిన టీవీ పొట్ట విప్పి, మూడు కాళ్ల నల్ల పూసను పీకి నా చేతిలో పెట్టాడు.

"ఇదే కన్ను, అప్పా. రిమోటు కొట్టే వెలుగు మనకు కానరాదు, దీనికి కానొస్తాది. జాగ్రత్త, నాకంటే పాతది."

ఆ కన్నును ఒక చిన్న సర్క్యూట్ బోర్డుకు అతికించి, బోర్డును ఒక రిలేకు కలిపాను. రిలే అంటే చెయ్యి లేకుండా పడే స్విచ్చి. మీట నొక్కితే కన్ను చూస్తుంది, బోర్డు అర్థం చేసుకుంటుంది, రిలే టక్ మంటుంది, ఫ్యాను తిరుగుతుంది. మళ్లీ నొక్కితే ఆగుతుంది. వేయడం, ఆపడం, అంతకుమించి దానికి చదువు లేదు. అన్నిటినీ ఒక సబ్బుపెట్టెలో సర్ది, మూతకు చిల్లు పొడిచి, కన్ను బయటికి కనపడేలా పెట్టి, స్విచ్చి బోర్డు పక్కన అతికించాను. చెప్పడానికి నాలుగు వాక్యాలు. చేయడానికి అయిదు రోజులు, ప్రతి పది నిమిషాలకూ ఒక విరామంతో.

బుధవారం మధ్యాహ్నం అవ్వ నొక్కింది. టక్ మంది. ఫ్యాను తిరిగింది. అవ్వ రిమోటును అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీనికి వైరు ల్యాదే. మాట ఎట్ల పోయింది ఆడికి?"

"వెలుగు పోతుందవ్వా. మనకు కనపడని వెలుగు."

"కనపడనిది వెలుగెట్లయితాదిరా?"

సెల్‌ఫోన్ కెమెరాను రిమోటు మూతికి ఎదురుగా పెట్టి చూపించాను. తెరమీద ఊదారంగు చుక్క మిణుకు మిణుకుమంది.

"ఫోన్లకు కానరానిది ఏముండాదిలే," అంది అవ్వ. కానీ ఆ మధ్యాహ్నం ఊరికే నలభైసార్లయినా నొక్కి ఉంటుంది. విరిగిన తుంటితో రెండు నెలలుగా పడుకున్న మనిషి, గదికి ఆ చివర ఉన్నదాన్ని తనంతట తాను కదిలిస్తోంది. నేను కుర్చీలోంచి లేవలేదు. లేవకపోవడం ఇంత బాగుంటుందని మరిచిపోయాను.

పక్కింటక్క చంటిపాపను చంకనేసుకుని చూడ్డానికొచ్చింది. "అబ్బా, శానా బాగ చేసినావు తమ్ముడూ. మా ఇంట్లో గూడా ఒకటి పెట్టు. మా ఆయన్ని లేపేదానికి," అంది. నేను నీళ్ల క్యాను తెద్దామని కిందికి పోయాను. తిరిగొచ్చేసరికి అక్క వెళ్లిపోయింది, అవ్వ కునుకు తీస్తోంది.

సాయంత్రం అమ్మ వచ్చింది. ప్రదర్శన ఏర్పాటు చేశాను. అమ్మ చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలో నిలబడింది. అవ్వ రిమోటు ఎత్తి నొక్కింది. ఏమీ కాలేదు. గట్టిగా నొక్కింది. నేను లాక్కుని నొక్కాను. పెట్టె దగ్గరికి పోయి, దాని మొహాన పెట్టి నొక్కాను.

"బాగుండాది," అంది అమ్మ. "ఇంగ లేచి స్విచ్చి వెయ్."

లేచే ఉన్నానని చెప్పాలనిపించింది. చెప్పకుండా వేశాను.

గురువారం తప్పంతా ఎండదే అన్నాను. పడమటి ఎండ కన్నులో పడితే అది రిమోటును గుర్తుపట్టలేదు, ఇది నిజంగా ఉన్న సంగతే. కిటికీకి దుప్పటి కట్టాను. గది మరింత ఉడికింది, పెట్టె మాత్రం ఉలకలేదు. శుక్రవారం ట్యూబులైటును నిందించాను, దానికీ సాక్ష్యాలున్నాయి. లైటు ఆర్పి చీకట్లో కూర్చున్నాం. శనివారం అతుకులన్నీ ఊడదీసి మళ్లీ అతికించాను. ఫోన్లో చూస్తే రిమోటు చుక్క మిణుకుమంటూనే ఉంది. చాచాకు ఫోన్ చేసి, ఆయన పూస చచ్చిపోయిందని చెప్పాను.

"అది చచ్చేది గాదప్పా. నువ్వే ఏందో చేసింటావు," అన్నాడాయన.

ఇదంతా అవ్వ మంచం మీంచి చూస్తూనే ఉంది. శనివారం మధ్యాహ్నం నేను పది నిమిషాలకు లేవబోతే వద్దంది.

"నాకు ఫ్యాను వద్దులే. చలేస్తాంది."

దుప్పటి కట్టిన కిటికీ, మే నెల, కర్నూలు. ఆమె నుదుటి మీంచి చెమట చెవిలోకి కారుతోంది. "చలా అవ్వా?" అన్నాను. "ముసిలోల్లకు అట్లే ఉంటాది. నువ్వు నీ పని చూసుకో," అంది. నేను లేచి స్విచ్చి వేశాను. ఆమె కళ్లు మూసుకుంది. ఇక్కడ ఎవరైనా ఏదైనా గొప్ప మాట అనాలి. ఫ్యానుకు కిర్రుమనే జబ్బుంది, అదొక్కటే మాట్లాడింది.

ఆదివారం అమ్మకు కూడా డ్యూటీ ఉంది. పోతూ పోతూ, "రేపు రానని వాళ్లకు చెప్పేయ్. ఊరికే ఎదురు చూపించగూడదు," అంది. కోపంగా అంటే పోట్లాడేవాణ్ని. మామూలుగా అంది.

మధ్యాహ్నం పెట్టెను గోడ మీంచి ఊడబీకి ఒళ్లో పెట్టుకుని, ఫోన్లో సందేశం రాశాను. "సార్, ఇంట్లో పరిస్థితుల వల్ల" అని మొదలుపెట్టి, పరిస్థితులు అనే మాటలో ఒక అవ్వ, ఒక ఫ్యాను, ఒక మలుపు పట్టేస్తాయా అని ఆలోచిస్తూ, ఊరికే బొటనవేలితో ఆ కన్నును రుద్దుతూ కూర్చున్నాను. ఆ వేలితోనే పంపే మీట నొక్కబోయాను. తెర మీద నల్లటి మరక పడింది. వేలు చూసుకున్నాను. నల్లగా, జిడ్డుగా ఉంది. ఎంత పాతదైనా పూస రంగు పోవడం ఏంటి అనుకుని, చొక్కా అంచుతో తుడిచాను. ఇంకా వచ్చింది. ఇంకా తుడిచాను.

"ఎందుకురా తుడుస్తాండావు దిష్టిచుక్క?" అంది అవ్వ.

"ఏం చుక్క?"

"బుధవారం అక్క వచ్చి అంత బాగుండాదని పొగిడె గదా. చంటిబిడ్డ కాటుక డబ్బీ ఆమె కొంగులోనే ఉండె. ఒక చుక్క పెట్టుమ్మా, మావాడు దీన్ని నమ్ముకునే పనికి పోవాల అన్న్యా. పెట్టింది."

"ఎక్కడ పెట్టింది?"

"యాడ పెడతారు? దానికి ఉండేది ఒక కన్నే గదా. దాని మీదనే పెట్టింది."

నల్ల పూస మీద నల్ల కాటుక. వెలుగు తప్ప ఇంకేదీ తెలియని కంటికి, ఎవరి కన్నూ పడకుండా, మూత వేశారు. నాలుగు రోజులు నేను సూర్యుణ్ని తిట్టాను.

"నాకు చెప్పొచ్చు కదవ్వా?"

"దిష్టిచుక్క చెప్పి పెడతారా ఎవరన్నా? నువ్వు పోతాండావు, అది బాగుండాలనుకున్న్యా." రిమోటు చేతిలోకి తీసుకుని, "నా వల్లనేనా ఆగిపోయింది?" అంది.

"కాదులే. అతుకు వదిలింది," అన్నాను. అబద్ధాలు మా వంశంలో ఉన్నాయి.

పెట్టెను గోడకు అతికించాను. అవ్వ నొక్కింది. టక్. పక్కింటక్కను పిలిపించి, ఈసారి చుక్కను పెట్టె అడుగున, ఎవరికీ కనపడని చోట పెట్టించింది. నేను సందేశాన్ని చెరిపేశాను.

సోమవారం షేర్ ఆటో మలుపు దాటింది. ఎవరూ కేకేయలేదు. నేను రెండుసార్లు వెనక్కి చూశాను, అలవాటు. డోన్‌లో నాకొక యంత్రాన్ని చూపించారు, దాని చప్పుడులో మా అవ్వ గొంతైనా వినపడదు. మధ్యాహ్నం ఒంటిగంటకు అన్నం బెల్లు కొట్టాక పక్కింటక్కకు ఫోన్ చేసి, అవ్వకు ఇమ్మన్నాను.

"ఎట్లుంది అవ్వా, ఫ్యాను?"

"తిరుగుతాంది నాయినా. మూడో నంబర్లో పెట్టుకున్న్యా. శానా చల్లగుండాది. నువ్వు అన్నం తిను, ఫోన్ పెట్టు."

మా పెట్టెకు మూడో నంబరు లేదు. రిమోటు మీద అంకెలు చూసి గొప్పలు పోతోందని నవ్వుకున్నాను. రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఇంటికొచ్చాక అమ్మ చెప్పింది: స్తంభం మార్చడానికని, ఆ రోజు పది నుంచి నాలుగు దాకా మా వీధికి కరెంటు తీసేశారు.