వరసలో మొదటి రాయి

బట్టలు కూడా రేషను మీదే ఇచ్చే కంట్రోలు రోజుల్లో నరసరావుపేటలో మా వీధికి ఒకసారి అయిదు చీరలు వచ్చాయి. ఇళ్ళు ఇరవై. బట్టల కొట్టాయన ఎవరితోనూ మాట పడదలుచుకోలేదు. ఇరవై చీట్లు మడుస్తానని, అయిదింటి మీద గుర్తు పెడతానని, సాయంత్రం వరసగా వచ్చి ఇంటికొకటి తీసుకోమని చెప్పాడు. వరస కోసం మనుషులు కాపలా కాయనక్కర్లేదు. పొద్దున్నే కొట్టు ముందు ఇంటికొక రాయి పెడితే చాలు.

మొదటి రాయి నాది. అమ్మకున్న రెండు చీరల్లో ఒకటి పీలికలైపోయింది. రెండోది ఉతికి ఆరేసినంతసేపూ ఆ పీలికలే చుట్టుకుని తలుపు వెనక కూర్చునేది. నాన్న ఉప్పూ చింతపండూ అమ్మే కొట్టు వదిలి రాలేడు. అందుకని రెండో ఫారం చదివే నన్ను పంపారు.

ఇత్తడి గిన్నెలకు కళాయి వేసే ఆయన భార్య మా పక్కింటి పిన్నమ్మ. ఆమె ఆలస్యంగా వచ్చి ఇరవయ్యో రాయి పెట్టింది. నా రాయిని చూసి నిట్టూర్చింది. ఎవరైనా నిట్టూరిస్తే అందులో బేరం వినపడే ఇల్లు మాది.

"చోటు మారతావా పిన్నమ్మా?"

"నువ్వు ఊరికే ఇస్తావేందిరా? ఏం కావాలో చెప్పు."

"మూడు గిన్నెలకు కళాయి."

"మూడా! ఒకటి చాల్లే."

"అయితే నీ రాయి నీకే ఉంచుకో."

"రెండు. ఇంక నోరెత్తితే మీ అమ్మతో చెబుతా, షావుకారూ!"

రాళ్ళు మార్చాం. నాకు కావలసింది రెండేనని ఆమెకు తెలియదు కదా అన్న గర్వంతో బడిదాకా నడిచాను. గేటు దగ్గర అనుమానం పట్టుకుంది. నా ముందు పందొమ్మిది చేతులు. నా వంతు వచ్చేసరికి గుర్తున్న చీటీ మిగులుతుందా? రెండు గిన్నెల కోసం అమ్మ చీర అమ్మేసుకున్నానా?

లెక్కల పీరియడులో ఆగలేక లేచి నిలబడ్డాను.

"మేష్టారూ, ఒకబ్బాయి చీట్ల వరసలో మొదటి చోటు ఇచ్చేసి ఆఖరి చోటు తీసుకున్నాడనుకోండి. నష్టపోయినట్టేనా అండీ?"

"ఎవర్రా ఆ తెలివైనవాడు?"

"మా చుట్టాలబ్బాయండి."

తరగతంతా నవ్వింది. "ఆఖరోడికి చేతులు కడుక్కోవటమే," అన్నాడు వెనక బల్లవాడు. మేష్టారు నవ్వలేదు. నాలుగు చింతగింజలు తెప్పించి, ఒకదానిమీద సుద్దతో చుక్క పెట్టి, సంచీలో వేశారు. నలుగురిని నిలబెట్టి, చూడకుండా వరసగా తలొకటి తియ్యమన్నారు. తీసినవి మళ్ళీ సంచీలో వేసి మరో ఆట. అలా నలభై ఆటలు. చుక్క గింజ ఎవరికొస్తే నల్లబల్ల మీద వాడి పేరు కింద ఒక గీత. చివరికి లెక్కపెడితే మొదటివాడికి పన్నెండు, రెండోవాడికి తొమ్మిది, మూడోవాడికి ఎనిమిది, ఆఖరివాడికి పదకొండు.

"చూశారా? ఆఖరివాడికి మిగిలేది నాలుగు గింజల్లో ఏదైనా కావచ్చు. అంచేత వాడికీ నాలుగింట ఒక వంతే, మొదటివాడికీ నాలుగింట ఒక వంతే. గింజకు వరస తెలియదు," అన్నారు. తరవాత నావైపు తిరిగి, "అయితే నాలుగింట ఒకటి అంటే తప్పకుండా వస్తుందని కాదు. మీ చుట్టాలబ్బాయికి అది కూడా చెప్పు," అన్నారు.

ఇరవైలో అయిదన్నా నాలుగింట ఒకటే. ప్రాణం లేచొచ్చింది. అమ్మ చీరలో పోగు కూడా నేను అమ్ముకోలేదు. ఆ వెంటనే ఇంకోటి తట్టింది: పిన్నమ్మకు నేను అమ్మింది వట్టి గాలి.

సాయంత్రం ఆమె మొదటి చీటీ విప్పింది. ఖాళీ. పద్దెనిమిది మంది తీసేసరికి నాలుగు చీరలు పోయి, గుర్తున్నది ఒక్కటే మిగిలింది. పందొమ్మిదోది తీసిన ముసలాయన చీటీ అటూ ఇటూ తిప్పి చూసి పారేశాడు. నేను చెయ్యి పెట్టకముందే కొట్టాయన చీర మడత తీసి బల్లమీద పెట్టాడు. ముతక నేత, ఎర్ర అంచు. దాన్ని గుండెకు హత్తుకుని పరిగెత్తాను.

మర్నాడు పిన్నమ్మ గుమ్మంలో నిలబడ్డాను.

"కళాయి వద్దులే పిన్నమ్మా. మొదటి చోటైనా ఆఖరి చోటైనా ఒకటేనంట. మా మేష్టారు చూపించారు."

"ఎప్పుడు చూపించాడు?"

"నిన్న మధ్యాన్నం."

"మరి సాయంత్రం నోట్లో ఏం పెట్టుకున్నావురా?"

"బేరం అయిపోయింది కదా అని..."

ఆమె నడుం పట్టుకుని మరీ నవ్వింది. "చానా గట్టోడివిరా! మాటంటే మాటే. గిన్నెలు తీసుకురాపో. ఈసారి చీట్లేస్తే మాత్రం మీ మేష్టారి దగ్గరికి ముందు నేను పోతా."

ఇంటికొచ్చి రెండు గిన్నెలూ ముందు పెట్టుకుని ఆలోచించాను. రెండూ తీసుకెళితే సిగ్గు, రెండూ మానేస్తే నష్టం. నాతో నేను బేరమాడుకుని సగానికి ఖాయం చేసుకున్నాను. ఒక్క గిన్నే తీసుకుని బయలుదేరాను.

నా వెనకే అమ్మ, పిన్నమ్మకిద్దామని చింతపండు పొట్లం పట్టుకుని, ఎర్రంచు చీరలో గుమ్మం దాటి వీధిలోకి వచ్చింది.